హిమానీనదములకు గాజు పలకల సాక్ష్యము



కన్నులతో చూడవలసిన వస్తువును గూర్చి రేడియోలో మాటలాడుట కొంచెము విడ్డూరముగనే ఉండును. నేటి ప్రసంగమునకు విషయము ఛాయాచిత్రములు; అందునను, ఉరవకొండ ప్రాంతమువారు నిత్యము చూచి యెరుగని మంచుకొండల ఛాయాచిత్రములు. వడగండ్లు పడిన నాడు పిల్లలు దోసిళ్లు పట్టుకొని వాకిటిలోనికి పరుగెత్తుటయే మన సీమకు మంచుతో గల పరిచయము. సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదియు నమ్మకముగ కురియని ఈ మెట్టనేలకు హిమానీనదములతో నేమి పని యని అడుగువారుందురు. మన పెన్న గాని, వేదవతి గాని, తుంగభద్ర గాని మంచు కరగి పారు నదులు కావు. వాన పడిన పారును. పడనియెడల ఇసుకయై పరుండును. హిమాలయములలోని మంచు యావత్తు కరగిపోయినను తుంగభద్ర ఎగువ కాలువలో మనకు రావలసిన నీరు ఒక చెంబెడు పెరుగదు, తరుగదు. ఆ మాట ముందుగనే చెప్పి, అయినను ఈ ముచ్చట మన ముంగిటి ముచ్చటయే యని ఏల అనుచున్నామో విన్నవించెదము. హిమాలయములకు పోవుటకు ముందు హంపికి పోవుదము.

బళ్ళారి మీదుగ పోయినచో ఉరవకొండకు హంపి ఒక పూట ప్రయాణము. 1953 దాక బళ్ళారియు అనంతపురమును ఒకే రాష్ట్రములోనివి. 1882కు పూర్వము ఒకే జిల్లాలోనివి. జిల్లా యింకను ఒకటిగ ఉన్న ఆ రోజులలో, 1856లో, మద్రాసు దేశీయ పదాతి దళమున అధికారియైన అలెగ్జాండరు గ్రీన్‌లా హంపి శిథిలములకు ఒక పెద్ద కెమెరాను మోయించుకొని వచ్చెను. అతని నెగటివులు మైనము పట్టించిన కాగితపువి. ఒక్కొక్కటి 16 అంగుళములకు 18 అంగుళములు; గోడకు వ్రేలాడదీయు క్యాలెండరు కాగితమంత యనుకొనుడు. నేడు మనము చిన్న చిత్రమును ఎంతకైనను పెద్దది చేసికొనగలము. ఆ నాడు నెగటివును మందు పట్టించిన కాగితముపై ఒత్తిపెట్టి, ఎండలో ఉంచి, అచ్చు దింపవలసినదే. ప్రింటు ఎంత కావలెనో నెగటివు అంత, నెగటివు ఎంతయో కెమెరా అంత. పెద్ద కెమెరాలు పుట్టినది ఆ అవసరమువలననే గాని ఆడంబరము కొరకు కాదు.

ఆ నెగటివులలో విఠ్ఠలాలయపు రాతి రథము కలదు. ఈ రథమును మీరందరును చూచియే యుందురు. హంపికి పోనక్కర లేదు, 2017లో వచ్చిన యాభై రూపాయల నోటును వెనుకకు త్రిప్పిన చాలును. నోటుమీది రథమునకు పైన శిఖరము లేదు. గ్రీన్‌లా చిత్రములోని రథముపై ఇటుకలతో కట్టిన శిఖరము చక్కగ నిలిచియున్నది. అది తరువాతి కాలమున పోయినది. ఆ కాలపు చిత్రములే లేకపోయినచో, ఆ రథము పుట్టినప్పటినుండియు ఇట్లే బోడిగ ఉండెనని మనమందరమును నిశ్చింతగ నమ్మియుందుము. లేదని తెలియనిదానిని వెదకువాడెవడు?

గ్రీన్‌లా నెగటివులు చాలకాలము మరుగునపడి, 1980లో ఇంగ్లండున మరల వెలుగు చూచినవి. 1983లో జాన్ గాలింగ్స్ అను ఆస్ట్రేలియా దేశపు ఛాయాగ్రాహకుడు ఆ చిత్రములను చేతబట్టుకొని హంపికి వచ్చి, మొదటివాడు కెమెరా నిలిపిన తావులనే వెదకి, అక్కడ నిలిచియే మరల చిత్రములు తీసెను. 127 ఏండ్ల యెడమున ఇద్దరు మనుష్యులు ఒకే రాతిమీద పాదములు మోపిరన్నమాట. రెండు చిత్రములను ప్రక్క ప్రక్కన పెట్టినచో ఏ గోపురము కూలినదో, ఏ మంటపము చక్కబడినదో, ఎచ్చట పొద మొలచినదో వ్యాఖ్యానము లేకయే తెలియును.

ఆ తావును వెదకుట ఎట్లని మీకు సందేహము కలుగవచ్చును. అది మంత్రము కాదు. మన ఉరవకొండనే తీసికొందము. పడగ విప్పిన పామువలె కనుపించుటచే దీనిని ఉరగకొండ యనిరనియు, అదియే ఉరవకొండ యైనదనియు ఊరివారు చెప్పుదురు. పాత చిత్రమొకటి మీ చేతిలో ఉన్నదనుకొనుడు. అందులో దగ్గరనున్న ధ్వజస్తంభము కొన దూరమున కొండమీదనున్న ఒక గుండును సరిగ తాకుచున్నది. మీరు ఒక అడుగు కుడికి జరిగినచో స్తంభము గుండునకు ఎడమగ తొలగును. ఎడమకు జరిగినచో కుడిగ తొలగును. ముందునకు నడచినచో స్తంభము పొడుగై గుండును దాటిపోవును. వెనుకకు పోయినచో క్రుంగును. ఇట్టి జంటలు రెండో మూడో దొరికెనా, నిలువవలసిన తావు జానెడు మేరకు కుదించుకొని వచ్చును. పిమ్మట నీడ పడిన దిక్కును బట్టి పొద్దును, నీడ పొడవును బట్టి మాసమును ఊహింతురు. కొలతగొట్టము లేదు, లెక్క లేదు; ఓర్పు మాత్రము కావలెను. హంపిలో పనికివచ్చిన ఈ ఉపాయమే హిమాలయములలోను పనికివచ్చినది. అచ్చట శిథిలమగుచున్నది రాయి కాదు, మంచు.

హిమానీనదము అను పేరు వినగనే గడ్డకట్టిన నీటి ఏరు మన మనస్సున మెదలును గాని, దాని పుట్టుక వేరు. మిక్కిలి ఎత్తున ఏటేట పడు మంచు కరగక, పొరమీద పొరగ పేరుకొని, పై బరువునకు అడుగు పొరలు నొక్కుకొని రాయివలె గట్టిపడి, తన బరువునకు తానే లోయలోనికి జారును. ఆ జారుట కంటికి తెలియదు. ఏడాదికి కొన్ని మీటర్లు, కొన్నిచోట్ల కొన్ని వందల మీటర్లు. పైన పడునది జమ, క్రింద కరగునది ఖర్చు. రెండును సరిపోయినంత కాలము దాని కొన ఉన్నచోటనే ఉండును. ఖర్చు మించినప్పుడు కొన వెనుకకు పోవును, ఒడలు పలుచబడును. కొన వెనుకకు పోవుట యాత్రికుని కంటికి కూడ అందును. ఒడలు పలుచబడుట అందదు. వంద మీటర్ల మందము దిగిపోయినను, మొదటిసారి చూచువానికి అది మహాహిమరాశిగనే తోచును. పాత చిత్రములు అక్కరకు వచ్చినది ఇక్కడనే.

మన దేశమున ఈ పనికి ఆద్యులలో శామ్యూల్ బోర్న్ ఒకడు. ఇతడు 1863లో భారతదేశమునకు వచ్చెను. కలకత్తాలో 2016 దాక నడచిన బోర్న్ అండ్ షెపర్డ్ అను ఛాయాచిత్రశాల పేరులోని బోర్న్ ఇతడే. 1866లో కులూ, స్పితి లోయల మీదుగ 18,000 అడుగులకు పైబడిన మణిరంగ్ కనుమ నెక్కి, గంగోత్రికి పోయి, గోముఖమున గంగ వెలువడు మంచు గుహను చిత్రించెను. అప్పటి పద్ధతి తడి పలకల పద్ధతి. గాజు పలకపై కలోడియను అను జిగురు పోసి, వెండి లవణపు ద్రావణములో ముంచి, తడి ఆరకమునుపే చిత్రము తీసి, తడి ఆరకమునుపే కడుగవలెను. అంతయు కొలది నిమిషముల పని. కనుక కెమెరాతో పాటు చీకటి గుడారము, గాజు పలకల పెట్టెలు, మందు సీసాలు, నీళ్లు, అన్నియు కొండ యెక్కవలసినదే. వీటిని మోసినవారు పదుల సంఖ్యలో కూలీలు. వారు దారిలో మూటలు దించి పారిపోయిన సంగతిని బోర్న్ తన లేఖలలో విసుగుతో వ్రాసికొనెను. ఏల పారిపోయిరో అతనికి అర్థమైనట్లు తోచదు గాని, గాజు పెట్టెను వీపున వేసికొని కాలు జారు మంచుపై నడచిన కూలీ పక్షమున ఆలోచించువారికి సులభముగనే అర్థమగును. ఆ చిత్రముల క్రింద బోర్న్ పేరు కలదు. వారి పేర్లు లేవు.

అతడు పోయినది చక్కని చిత్రముల కొరకు. తీసిన వాటిని కలకత్తాలోను, సిమ్లాలోను, లండనులోను అమ్ముకొనెను. మంచు కరగిపోవునని అతడు కలనైన ఎరుగడు. మంచుకొండ శాశ్వతమునకు మారుపేరుగ ఉండిన కాలమది. 1935లో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన జాన్ ఆడెన్ గంగోత్రి హిమానీనదపు కొనను మొదటిసారిగ శాస్త్రీయముగ కొలిచి పటము గీచెను. (ఆంగ్ల కవి ఆడెనుకు ఇతడు అన్న.) నాటినుండి ఎనిమిది దశాబ్దములలో ఆ కొన సుమారు ఒకటిన్నర కిలోమీటరు వెనుకకు పోయినది. గంగోత్రి యాత్ర చేసి వచ్చిన పెద్దలు మన పల్లెలలోను కొందరుందురు. వారు చూచిన గోముఖమును, వారి మనుమలు చూచు గోముఖమును ఒక చోటివి కావు.

బోర్న్ తరువాత పొడి పలకలు వచ్చినవి. ముందుగనే మందు పట్టించిన ఆ గాజు పలకలను పెట్టెలో పెట్టుకొని పోయి, తీసిన చిత్రమును ఇంటికి తెచ్చి తీరికగ కడుగుకొనవచ్చును. ఆ సౌకర్యమును పట్టుకొని పర్వతములకు పోయినవారిలో ఇటలీ దేశస్థుడు విట్టోరియో సెల్లాను మించినవాడు లేడని మా అభిప్రాయము. 1859లో బియెల్లా పట్టణమున పుట్టినవాడు. ఇటలీ భాషలో ఛాయాచిత్రకళపై మొదటి గ్రంథము వ్రాసినవాడు ఇతని తండ్రియే. 30 సెంటీమీటర్లకు 40 సెంటీమీటర్ల గాజు పలకలను ఇతడు ఆల్ప్స్, కాకసస్ శిఖరములకు మోయించెను. 1899లో కాంచనగంగను చుట్టివచ్చెను. 1906లో ఆఫ్రికాలో భూమధ్యరేఖ చెంతనున్న రువెంజోరి పర్వతములను, 1909లో కారకోరమున బల్తోరో హిమానీనదమును చిత్రించెను. ఒక్క దృశ్యము కొరకు అనేక పలకలను వరుసగ తీసి, అంచులు కలిపి, ఆకాశమునకు అడ్డముగ పరచిన చాపవలె చూపుట ఇతని నేర్పు. ఆ పలకలు నేటికిని బియెల్లాలో భద్రముగ ఉన్నవి. రువెంజోరిలో ఇతడు చూచిన మంచు మాత్రము బహుభాగము కరగిపోయినది.

ఇట్టివారి చిత్రములతో రెండవమారు కొండ యెక్కినవారి కథ మరింత ఆసక్తికరము. 1921లో ఎవరెస్టు దారి వెదకుటకు పోయిన మొదటి యాత్రలో జార్జి మేలొరీయు, కెనడా దేశపు సర్వేయరు ఆలివరు వీలరును ఉండిరి. వీలరు ఛాయాచిత్రములనుండి పటములు గీచు విద్యలో ఆరితేరినవాడు. పిమ్మట మన సర్వే ఆఫ్ ఇండియాకు సర్వేయరు జనరలుగ పనిచేసెను. 2007లో అమెరికా దేశపు పర్వతారోహకుడు డేవిడ్ బ్రెషర్స్, మేలొరీ 1921లో రొంగ్‌బుక్ హిమానీనదమును తీసిన చిత్రమును పట్టుకొని, ఎవరెస్టు ఉత్తరపు వైపున అతడు నిలిచిన గట్టునే వెదకి యెక్కెను. మేలొరీ చిత్రములో లోయ నిండ తెల్లని మంచు కోరలు, దువ్వెన పండ్లవలె నిక్కియున్నవి. బ్రెషర్స్ చిత్రములో రాళ్ల గుట్టలు, వాటి నడుమ సన్నని మంచు పట్టీ. రెంటిని పోల్చి చూడగ, సుమారు 100 మీటర్ల మందము మంచు లేదు. ముప్పది అంతస్తుల మేడ యెత్తు అది. శిఖరము మాత్రము రెండు చిత్రములలోను మారక నిలిచియున్నది. 2009లో క్యెత్రాక్ అను మరియొక హిమానీనదము వద్ద, వీలరు 1921లో నిలిచిన తావున నిలిచెను. వీలరు పలకపై మంచు ఉన్నచోట బ్రెషర్సునకు నీటి మడుగు కనుపించినది.

ఈ జంట చిత్రములు 2010లో న్యూయార్కు నగరమున ప్రదర్శింపబడినవి. బ్రెషర్స్ ఎవరెస్టును ఐదుమార్లు ఎక్కినవాడు. ఆ కొండపై పెద్ద తెర చలనచిత్రము తీసి పేరుగన్నవాడు. అయినను తన జీవితపు చివరి యేండ్లలో అధికభాగమును ఇతరుల పాత చిత్రములను వెదకుటకును, వారి పాదముల గురుతులలో నిలుచుటకును వినియోగించి, 2024లో మరణించెను. ఒక ఛాయాగ్రాహకునికి ఇంతటి వినయము అరుదు. తనకు నచ్చిన తావును విడిచి, పరుని కంటితో చూచుట కళాకారునికి తేలిక కాదు.

ఇట్లు చెప్పగ, పోయిన ప్రతివాడును మంచు కరగినదనియే చెప్పివచ్చెనని మీరు తలపవచ్చును. అట్లు కాదు. 2009లో ఫాబియానో వెంతూరా అను ఇటలీ ఛాయాగ్రాహకుడు, తానును పెద్ద పలకల కెమెరాతోనే, సెల్లా 1909లో నిలిచిన తావులకు బల్తోరో పోయెను. నూరేండ్ల యెడమున్నను అచ్చటి మంచు రొంగ్‌బుక్‌లో వలె క్షీణింపలేదు. కారకోరము హిమానీనదములలో చాల భాగము, తక్కిన హిమాలయము కరగుచుండగ, ఈ శతాబ్దపు మొదటి యేండ్లలో ఇంచుమించు నిలుకడగ ఉండినవి. కొన్ని ముందునకు కూడ జరిగినవి. శాస్త్రజ్ఞులు దీనికి చలికాలపు మంచు హెచ్చుగ పడుటను, వేసవి చల్లదనమును కారణములుగ చూపుదురు. ఇటీవలి కొలతలలో ఆ నిలుకడ కూడ సడలుచున్నట్లు కనుపించుచున్నది. ఏది యెట్లున్నను, కరగని చోటును కరగలేదని చూపిన చిత్రమునందే మాకు గౌరవము హెచ్చు. కరగినదని అది వేరొకచోట చెప్పినప్పుడు నమ్మబుద్ధి యగును.

ఉపగ్రహములుండగ ఈ గాజు పలకల గొడవ ఏల యనువారున్నారు. ఉపగ్రహము ఎంత ముందుగ ఎగిరినను ఆరు దశాబ్దముల ముచ్చటయే. బోర్న్ పలక దానికి నూరేండ్ల ముందటిది. ఇంతకును ఆకాశమునకు ఎగిరిన మొదటి కన్నులు కూడ పెద్ద ఫిల్ము కెమెరాలే. అమెరికా దేశము 1971 మొదలు 1984 దాక హెక్సగన్ అను గూఢచారి ఉపగ్రహములను పంపి, ఫిల్ము చుట్టలను పెట్టెలలో పెట్టి పారాచ్యూటులతో దింపి, గాలిలోనే విమానములతో పట్టుకొనెడిది. శత్రువుల క్షిపణుల కొరకు వెదకిన ఆ ఫిల్ములో హిమాలయములు ఊరకయే పడినవి. రహస్యము తొలగిన పిమ్మట కొలంబియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఆ చిత్రములను తీసికొని, 650 హిమానీనదములను పరిశీలించి, 2019లో ఫలితములను ప్రకటించిరి. 1975 నుండి 2000 వరకు ఏడాదికి సగటున పావు మీటరు మందము పోగా, 2000 తరువాత ఏడాదికి అర మీటరు పోవుచున్నదని తేలినది. మనుష్యులు బొగ్గును, నూనెను కాల్చుటవలన పెరిగిన వేడిమియే దీనికి ముఖ్య కారణమనియు, మంచుపై పడు మసి కూడ దానికి తోడగుచున్నదనియు నిపుణులు చెప్పుచున్నారు. భూమి వేడిమి పెరుగుదలను ఒకటిన్నర డిగ్రీ వద్దనే ఆపగలిగినను, ఈ శతాబ్దము ముగియునాటికి హిందూకుష్ హిమాలయముల మంచులో మూడవ వంతు పోవునని 2019లో ఖాట్మండులోని అంతర్జాతీయ పర్వతాభివృద్ధి సంస్థ అంచనా వేసినది.

ఈ లెక్కలో మన హైదరాబాదునకు కూడ పాలు కలదు. 1974లో ఏర్పడిన జాతీయ దూరసంవేదన సంస్థ, నేటి జాతీయ దూరసంవేదన కేంద్రము, బాలానగరున ఉన్నది. షాద్‌నగరు వద్ద దాని యాంటెనాలు ఉపగ్రహ సంకేతములను పట్టుకొనును. మంచు కరగిన నీరు కొండల నడుమ సరస్సులై నిలుచుటను ఈ కేంద్రము లెక్కించుచున్నది. 2024లో వెల్లడియైన లెక్కప్రకారము, 10 హెక్టార్లను మించిన 2,431 హిమసరస్సులలో 676 సరస్సులు 1984 తరువాత గణనీయముగ పెరిగినవి. వాటిలో 130 మన దేశములోనివి. హిమాచలములోని గేపాంగ్ గాథ్ సరస్సు 1989లో 36 హెక్టార్లు. 2022లో 101 హెక్టార్లు. క్యెత్రాక్ వద్ద బ్రెషర్స్ చూచిన మడుగు వంటివే ఇవన్నియు. చూచుటకు నీలమణివలె నుండును. రాళ్లు, మట్టి కలిసిన కట్ట తెగినప్పుడు ఏమగునో 2023 అక్టోబరు నెలలో సిక్కిములో చూచితిమి. దక్షిణ ల్హోనక్ సరస్సు గట్టు తెగి, తీస్తా నదిపై చుంగ్‌థాంగ్ వద్దనున్న ఆనకట్టను ఒక్క రాత్రిలో కొట్టుకొనిపోయినది. ఎందరో ప్రాణములు కోల్పోయిరి. ఆ సరస్సు పెరుగుచున్న సంగతి చిత్రములలో అంతకు ముందే కనుపించియుండెను.

ఇక మన మెట్టకు వచ్చెదము. మా కేంద్రము తరఫున మేము ఉరవకొండ చుట్టుపట్ల గ్రామములలో తిరిగి, వృద్ధుల మాటలను ధ్వనిముద్రణ చేయుచుందుము. ఒకమారు ఒక గ్రామమున చెరువును గూర్చి అడిగితిమి. ఆ చెరువులో ఇప్పుడు తుమ్మచెట్లున్నవి, మేకలు మేయుచున్నవి. ఒక పెద్దాయన, "నీళ్లు చింతమాను మొదలు దాక వచ్చేవి, సామీ, మా నాయన అక్కడనే ఎద్దులను కడిగేవాడు" అనెను. ప్రక్కనే కూర్చున్న ఆయన బావ, "చింతమాను కాదు, గంగమ్మ గుడి రెండో మెట్టు తడిసేది" అనెను. చింతమానునకును గంగమ్మ గుడికిని నడుమ రమారమి రెండు ఫర్లాంగుల దూరము. ఇద్దరును అబద్ధమాడువారు కారు. ఒకరు చూచిన ఏడు వేరు, మరియొకరు చూచిన ఏడు వేరు కావచ్చును. ఒకరి జ్ఞాపకమున చెరువు పెరిగియుండవచ్చును, ఒకరి జ్ఞాపకమున తరిగియుండవచ్చును. వారిద్దరి గొంతులును మా టేపులో ఉన్నవి. ఎంత శ్రద్ధగ మరల మరల విన్నను, నీరు ఎంత దాక వచ్చెడిదో ఆ టేపు చెప్పదు. గొంతులోని దుఃఖమును పట్టుకొనుటకు ధ్వనియంత్రమునకు మించినది లేదు; నీటి అంచును పట్టుకొనుటకు అది చాలదు. ఒక్క ఫోటో ఉన్నచో ఆ బావ బావమరదుల తగవు నిమిషములో తీరియుండెడిది.

మనకు పోవుచున్నవి ఆ చెరువు వంటివే. పూడిక నిండిన చెరువులు, పూడిపోయిన దిగుడుబావులు, వేసవి గాలికి వేదవతి ఏటిలోని ఇసుక లేచి కణేకల్లు, బొమ్మనహాళు వైపున చేలమీద దిబ్బలుగ పడుట, ఇవన్నియు హిమానీనదమువలెనే కంటికి తెలియకుండ నడచు మార్పులు. ఏడాదికి మూరెడు జరిగిన దిబ్బ ఎవ్వరి కంటను పడదు. కొన్ని మార్పులు మంచికి కూడ వచ్చినవి. జీడిపల్లి జలాశయమునకు హంద్రీ-నీవా నీరు వచ్చినది, పెన్న అహోబిలము జలాశయము నిండుచున్నది, బెళుగుప్ప మెట్టలపై గాలిమరలు తిరుగుచున్నవి. వాటికి ముందటి రూపము కూడ ఎవరి యింటనైన చిత్రముగ ఉండవలసినదే. గ్రామములోని పాత ఫోటోలన్నియు పెండ్లివియు, సమాధులవియు, బడిపిల్లల వరుసలవియు. వాటి వెనుకనే ఒక్కొక్కప్పుడు, ఎవరును తలపెట్టకుండ, నిండిన చెరువు పడియుండును. పెండ్లికూతురి భుజముపైనుండి కనుపించు నీటిని భూతద్దము పెట్టి చూచినవారు లేరు.

కొత్తగ తీయదలచినవారికి గ్రీన్‌లా కెమెరా అక్కరలేదు. చేతిలోని ఫోనుతోనైన తీయవచ్చును. నిలుచుటకు కదలని తావును ఎంచుకొనుడు. చెరువు తూము రాయి గాని, గుడి మెట్టు గాని. చట్టములో దగ్గరి వస్తువు ఒకటి, దూరమున కొండ అంచు ఒకటి తప్పక పడునట్లు చూచుకొనుడు. మన అదృష్టముకొలది ఈ మెట్టమీద ఎటు చూచినను ఏదో ఒక గుండ్ల కొండ కనుపించును, అది ఎక్కడికిని పోదు. ఏటేట ఒకే మాసమున తీయుడు. హిమాలయమునకు పోవువారు ఆ యేటి మంచు కరగి పాత మంచు మాత్రము మిగిలిన కాలమును ఎంచుకొందురు. మనకు వానలు వెనుకబట్టిన కార్తికమున ఒకటి, రోహిణి కార్తెలో ఒకటి తీసిన చాలును. చిత్రమును కాగితముపై అచ్చు వేయించి, వెనుక తేదీని, నిలిచిన తావును, చూచిన దిక్కును పెన్సిలుతో వ్రాసియుంచుడు. ఫోనులోని చిత్రము ఫోనుతోనే పోవును.

పాత చిత్రములలో చెరువు గాని, ఏరు గాని, బావి గాని, ఇసుక దిబ్బ గాని పడియున్నవి మీ యింట ఉన్నచో, మా కేంద్రమునకు ఒక కార్డు వ్రాయుడు. చిత్రమును పంపవలదు; పోస్టులో నలుగును. ఊరి పేరు, చిత్రములో కనుపించు కొండ పేరు వ్రాసిన చాలును. కార్తికము వెళ్లులోపల మేము వచ్చి, ఆ చిత్రమును చేతబట్టుకొని మీతో కూడ ఆ తావు వెదకెదము.